భాభీ ఫోన్‌లో జహాజ్

మా భాభీ సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లంటే మా మునేరు, ముక్త్యాల దగ్గర కృష్ణ. అలాంటి మనిషి ఇప్పుడు ఫజర్ నమాజ్ కాగానే ఫోన్ తీసి, కరీబియన్ సముద్రంలో కొడుకు జహాజ్ ఎక్కడుందో వెతుకుతుంది. నీలం పటం మీద చిన్న బాణం గుర్తు. దాన్ని వేలితో తాకితే జహాజ్ పేరు, వేగం, తర్వాత ఆగే రేవు కనిపిస్తాయి. "ఇవాళ మెక్సికో" అంటుంది, జగ్గయ్యపేట బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పినంత తేలిగ్గా.

వాడు మా భాయ్‌జాన్ కొడుకు. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి అక్కడే ఒక హోటల్లో చేసేవాడు. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ జహాజ్ విశాఖపట్నం వచ్చినప్పుడు టీవీలో చూసి "చాచా, నేనూ ఎక్కుతా" అన్నాడు. టిక్కెట్టు కొని ఎక్కుతాడేమో అనుకున్నా. మరుసటి ఏడాది నౌకరీ మీద ఎక్కాడు, అదీ అమెరికా నుంచి తిరిగే జహాజ్‌లో.

దాదా యాదొచ్చారు. మా ఖాన్‌దాన్‌లో జహాజ్ ఎక్కిన మొదటి మనిషి ఆయనే. 1974లో హజ్‌కి పోయారు. అప్పుడు బొంబాయి నుంచి జిద్దాకి ముఘల్ లైన్ జహాజ్‌లు తిరిగేవి (1995 తర్వాత ఆ సముద్ర సఫర్ ఆగిపోయింది, అందరం విమానాలే). నాకు ఏడేళ్లు. ఆయన బయల్దేరే ముందు పది రోజులు ఊళ్లో ఇల్లిల్లూ తిరిగారు. హిందువుల ఇళ్లకూ వెళ్లారు. ఎప్పుడో పొలం గట్టు దగ్గర తగువు పడి మాటలు మానేసిన ఒక రైతు ఇంటి ముందు నిలబడి "కహా సునా మాఫ్ చేయి తమ్ముడూ, తిరిగొస్తానో లేదో" అన్నారు. ఆ రైతు ఏడ్చేశాడు. ఖమ్మంలో రైలెక్కించి వచ్చాక దాదీమా మూడు నెలలు వాకిట్లోనే కూర్చుంది. ఖబర్ అనేది లేదు. జిద్దా నుంచి ఆయన రాసిన ఖత్ ఆయన తిరిగొచ్చిన వారానికి వచ్చింది! దాన్ని ఆయనే అందరికీ చదివి వినిపించారు.

సముద్రంలో పది రోజులు ఏం చేశారు దాదా అని అడిగితే ఒకటే చెప్పేవారు. యలమ్‌లమ్ మీఖాత్ దగ్గరికి రాగానే జహాజ్ సైరన్ మోగిందట. అప్పటికే గుసుల్ చేసి, ఎహ్రామ్ కట్టుకుని సిద్ధంగా ఉన్న వాళ్లంతా ఒక్కసారిగా లబ్బైక్ అన్నారట. ఆ రోజుల్లో జహాజ్ నుంచి మనిషికి అందే ఖబర్ అంటే ఆ సైరనే.

ఇప్పుడు జహాజ్ నిమిషం ఊరుకోదు. మా వాడు చెప్పేవి వింటుంటే నాకు తల తిరుగుతుంది. 2017లో రీగల్ ప్రిన్సెస్ అనే జహాజ్‌లో మెడాలియన్ అని రూపాయి బిళ్లంత వస్తువు తెచ్చారు. మెడలో వేసుకుని నడిస్తే గది తలుపు తనే తెరుచుకుంటుంది. చాయ్ కావాలని ఫోన్లో నొక్కితే, మనం ఏ డెక్ మీద ఏ కుర్చీలో ఉన్నా వెయిటర్ వెతుక్కుంటూ వస్తాడు. పిల్లలు తప్పిపోతే ఎక్కడున్నారో చూపిస్తుంది. మిగతా కంపెనీలూ పట్టీలని, యాప్‌లని అదే దారి పట్టాయి.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. 2012 జనవరిలో ఇటలీ ఒడ్డున కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొందరికి ప్రమాదమొస్తే ఎక్కడికి చేరాలో అప్పటికింకా చూపించలేదు. ఆ తర్వాత, జహాజ్ కదలకముందే లేదా కదిలిన వెంటనే అది చూపించి తీరాలని కాయిదా వచ్చింది. కోవిడ్ జమానాలో గుంపు కూడొద్దని 2020లో దాన్ని ఫోన్లోకి తెచ్చారు. వీడియో చూసి, తమ చోటికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఎవరు వేయించుకోలేదో సిబ్బందికి వెంటనే తెలిసిపోతుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు అసలు ఎంతమంది ఎక్కారన్న హిసాబే మొదట్లో తేలలేదు. మన పాపికొండల సంగతి తెలిసిన వాళ్లకు ఆ హాజరు విలువ చెప్పక్కర్లేదు.

కానీ ఆ యాప్‌కి అవతలి కొసన మా వాడున్నాడు. చేతిలో కంపెనీ ఇచ్చిన పరికరం ఉంటుంది, అది మోగుతూనే ఉంటుంది. ఏ టేబుల్ మీద ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో పైవాళ్లకు కనిపిస్తుంది. సఫర్ అయిపోయాక మెహమాన్లు ఫోన్లోనే మార్కులు వేస్తారు. ఒక వారం ఎవరో తక్కువ వేశారని వాడు రెండు రోజులు సరిగా తినలేదు. సీమన్‌కి 24 గంటల్లో కనీసం 10 గంటల ఆరామ్ ఇవ్వాలని అంతర్జాతీయ ఖానూన్ ఉంది. ఆ పదింటిలోనే నిద్ర, నమాజ్, గుసుల్, అమ్మతో మాటలు.

మాటలంటే, ఇంతకుముందు జహాజ్ ఇంటర్నెట్ 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా పోయి రావాలి. మాట ఆగి ఆగి వచ్చేది, ఖర్చూ ఎక్కువే. 2022 నుంచి పెద్ద క్రూయిజ్ కంపెనీలు స్టార్‌లింక్ పెట్టుకుంటున్నాయి. ఆ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ సాఫ్‌గా వస్తుంది. వీలైనంత వరకు సిబ్బందికి ఇంటర్నెట్ అందాలని, ధర సబబుగా ఉండాలని 2024 డిసెంబరు 23 నుంచి సముద్ర కార్మికుల ఒప్పందంలోనూ చేరింది.

భాభీ బాణం గుర్తుకీ ఒక కథ ఉంది. మొదటి నెలలోనే ఒక రాత్రి అది మాయమైంది. ఆమె ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. తర్వాత నేను చదివి తెలుసుకున్నా. ఏఐఎస్ అని ప్రతి ప్రయాణికుల జహాజ్ తన చోటు, వేగం రేడియోలో చెబుతూ పోతుంది. జహాజ్‌లు ఒకదాన్నొకటి ఢీకొనకుండా పెట్టిన ఏర్పాటు అది, అమ్మల కోసం పెట్టింది కాదు. ఫ్రీగా చూపే వెబ్‌సైట్లు ఎక్కువగా ఒడ్డు మీది రిసీవర్లనే నమ్ముకుంటాయి, జహాజ్ నడిసముద్రంలోకి పోతే వాటికి అందదు. ఇదంతా చెప్పాను. "అయితే నడిసముద్రంలో ఉన్నాడన్నమాట" అని తల పట్టుకుంది. ఖబర్ లేకపోవడానికి అలవాటు పడ్డ దాదీమా కంటే ఈమె ఫికరే ఎక్కువనిపించింది నాకు.

2024 ఆగస్టులో మా అమ్మీ, అంటే వాడి దాదీ, ఇంతెఖాల్ అయింది. ఫజర్ తర్వాత, ఐదుంబావుకి. వాడికక్కడ ముందురోజు రాత్రి ఏడుమ్ముప్పావు, భోజనాల వేళ. డ్యూటీలో సొంత ఫోన్ ముట్టుకోకూడదు. నేను పెట్టిన మెసేజ్ గదిలో సొరుగులో పడి ఉంది. చేతిలోని పరికరం మాత్రం మూడు గంటలు మోగుతూనే ఉంది, పన్నెండో టేబుల్‌కి నీళ్లు, ఇరవయ్యో టేబుల్‌కి తీపి. పదకొండింటికి చూసుకున్నాడు. రేవు రావడానికి రెండు రోజులుంది. రావడం కుదరదు.

జొహర్ తర్వాత జనాజా. వాడికి తెల్లవారుజాము నాలుగు. వాడు నిద్రపోలేదు. ఖబ్రస్తాన్‌లో నేను ఎడమచేత్తో ఫోన్ పట్టుకున్నాను. ఒక బుజుర్గ్ "ఇక్కడ కూడా ఈ ఫోన్లేంటి?" అని కసిరారు. "మనవడు" అన్నాను. ఆయన పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు, అంత సాఫ్‌గా వచ్చింది. ఇనుప గోడల మధ్య వాడి మొహం, వెనక ఎవరో అటూ ఇటూ నడుస్తున్నారు. "చాచా, నా తరఫున కూడా మిట్టీ ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. ఆరు గంటలకు వాడికి మళ్లీ డ్యూటీ.

మా చుట్టుపక్కల లడ్కాలు ఇప్పుడు ఈ నౌకరీ గురించి అడుగుతున్నారు. వాళ్ల అబ్బాలకు ఒక మాట: ఏజెంట్‌కి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు పైసలు తీసుకోవడం ఖానూన్‌కి విరుద్ధం. పొలం తాకట్టు పెట్టమన్నవాడిని గుమ్మం దాటనివ్వకండి.

వాడు సెప్టెంబరులో వచ్చాడు. దాదీ ఖబర్ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. జనవరిలో మళ్లీ బయల్దేరాడు. సామాన్ కట్టి, వాకిట్లో కూర్చుని, అమ్మకి కొత్త యాప్ ఏదో చూపిస్తున్నాడు. ఇందులో నడిసముద్రంలోనూ కనిపిస్తుందట, నెలకింత కట్టాలట. ఆటో వచ్చి నిలబడింది.

"కహా సునా మాఫ్ అడిగావురా అమ్మని?" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి, లోపలికి పోయిన అమ్మ వెనకే వెళ్లాడు. ఆటో అతన్ని కాసేపు ఆగమన్నాను.