ఎండిన సీమలో చలిజ్వరము

కళ్యాణదుర్గము దాటి రాయదుర్గము వైపు వెళ్ళినవారికి ఆ దారి తెలియును. నల్లని గుండ్లు, వేరుశనగ చేలు, నీళ్ళులేని వంకలు. హగరి ఒడ్డున గాలికి లేచిన ఇసుక పొలాల్లో మేటలు వేసింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే అదే మాకు మంచి ఏడు. ఇట్టిచోట దోమ ఎక్కడిది, మలేరియా ఎక్కడిది అని మీరు అడుగవచ్చు. నేనూ అలాగే అనుకొన్నాను.

ఆ సంఘములో ఒక సంవత్సరం ఈస్టరుకు బాప్తిస్మము ఇచ్చుటకు ట్యాంకరు నీళ్ళు తెప్పించి మందిరం వెనుక సిమెంటు తొట్టి నింపాము. ఆరాధన ముగిసింది. నీళ్ళు పారబోయవద్దని చెప్పినది నేనే. నెల తిరగకముందే ముగ్గురు పిల్లలు చలితో వణికారు. రక్తపు స్లైడు తీయడానికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఊరంతా తిరిగి, చివరకు మన తొట్టిలో గరిటె ముంచింది. నీటిమీద అడ్డంగా పడుకొన్న సన్నని పురుగులు! "ఇవే అయ్యగారూ, మలేరియా దోమ పిల్లలు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మురుగులో కాదు, శుభ్రమైన నిలవ నీటిలోనే ఈ దోమ గుడ్లు పెడుతుంది. అనాఫిలిస్ స్టెఫెన్సై అనే జాతికి తొట్లు, డ్రమ్ములు, బావులే ఇల్లు. కనుక కరవు ముదిరి, నీళ్ళు దాచుకొనేకొద్దీ దానికే మేలు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దొర మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న కనుగొన్నాడు. దేవుని స్తుతిస్తూ పద్యం కూడా వ్రాసుకొన్నాడు. వంద సంవత్సరాలు దాటినా మనం గరిటె ముంచి చూడలేదు.

తొట్టి ఖాళీ చేద్దామంటే ఒక పెద్దమ్మ అడ్డుపడింది. "మైలు దూరం పోయి బిందె మోసుకొచ్చేవాళ్ళం, ఇన్ని నీళ్ళు పారబోసేది ఎట్లయ్యగారూ?" ఆమె మాటలో తప్పేమి? గుడ్డతో వడగట్టి ఆ నీళ్ళు గొడ్లకు, వేపమొక్కలకు పోశాము. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలును గనుక శుక్రవారము శుక్రవారము ప్రతి ఇంట తొట్టి కడిగి ఆరబెట్టాలని పెద్దలు తీర్మానించారు. కడగలేని బావిలో గంబూసియా చేపలు వదిలించాము.

ముగ్గురిలో ఒక పిల్లకు రెండు నెలలకు జ్వరం తిరగబెట్టింది. వైవాక్సు రకము కాలేయంలో దాగుతుంది. దానికి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ మాత్రలు. నాలుగోనాడు జ్వరం లేదని తల్లి మానిపించిందట. ప్రార్థన చేసితిమి గాని, మాత్రలు పూర్తిచేయండి అని నేను ఒక్కమాట చెప్పలేదు. రెండవసారి మాత్రం రోజూ సాయంకాలము వాళ్ళింటికి వెళ్ళి, మాత్ర మింగినదాక కూర్చున్నాను.

ఆ పెద్దమ్మ ఇప్పుడు శుక్రవారం తెల్లవారకముందే మా తలుపు తడుతుంది, పాస్టరమ్మ బిందెలు బోర్లించిందో లేదో చూడటానికి.