పాస్డ్ అంటే సరిపోదు

మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి హోమ్ సర్వర్‌గా వాడుతున్నాం. ఫోన్‌లో రికార్డ్ చేసిన అమ్మమ్మ పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మమ్మ లేదు.

హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ కొడితే ముందు ‘పాస్డ్’ అని కనిపిస్తుంది. అక్కడే ఆగిపోకండి. అమ్మమ్మ కూడా ఎప్పుడడిగినా “నాకేంరా, బాగానే ఉన్నా” అనేది. మందుల డబ్బా చూస్తేగానీ అసలు సంగతి తెలిసేది కాదు.

కింద 5, 197 నంబర్ల వరుసలు చూడండి. 5 అంటే డిస్క్ పక్కన పెట్టేసిన పాడైన సెక్టార్లు. 197 అంటే చదవలేక తేల్చకుండా ఉంచినవి. రెండిట్లోనూ చివరి అంకె సున్నా ఉంటే మంచిది. పోయిన నెల మా డిస్క్‌లో 197 ఎదురుగా 8 కనిపించింది. పైన మాత్రం పాస్డ్ అనే ఉంది! వెంటనే కొత్త డిస్క్ తెచ్చి పాటలన్నీ అందులోకి మార్చాను.

సున్నాలున్నా ధీమా వద్దు. 2007లో గూగుల్ లక్షకు పైగా డిస్కుల మీద చేసిన స్టడీలో, చెడిపోయిన వాటిలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. అందుకే ఇంకో కాపీ పిన్నికి ఇచ్చాను. ఆ రాత్రి నిద్రపోకుండా అన్నీ వినిందట.