ఎనిమిది గుడ్ల లెక్క

ముప్ఫై రెండేళ్లు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి, పదవీ విరమణ పొంది ఇంట కూర్చున్నవాణ్ణి. నేర్పవలసిన పాఠాలన్నీ నేర్పేశాను, నేర్చుకోవలసినవి పెద్దగా మిగల్లేదు అన్న భావం మనసులో ఏ మూలనో ఉండేది. అది గత డిసెంబరులో మా వంటింటి పొయ్యి ముందు తొలగిపోయింది.

మాది కర్నూలు. ఇంట్లో అయిదుగురం. ఎనభై దాటిన మా అమ్మీజాన్, నేను, నా భార్య, ఉద్యోగం చేస్తున్న అబ్బాయి, కళాశాలకు వెళ్లే అమ్మాయి. ఒక సాయంత్రం పెరట్లో తడిసిన బండల మీద కాలు జారి నా భార్య కింద పడింది. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. డాక్టరు పిండికట్టు వేసి, ఆరు వారాలు ఆ చేతికి ఏ పనీ చెప్పవద్దన్నారు. ఆ ఆరు వారాలకే మా ఇల్లు ఎలా నడుస్తుందన్నది మొదటిసారి నాకు ప్రశ్నగా ఎదురైంది.

మొదటి రోజు పొరుగువారు పంపారు. రెండో రోజు హోటలు నుంచి ఉగ్గాని, బజ్జీలు తెప్పించాము. ఆ కారానికి అమ్మీజాన్ కళ్ల వెంట నీళ్లు తిరిగాయి. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపారు. ఉదయం మాత్రలు కడుపు నిండా తిన్న తరువాతే వేసుకోవాలి. ఆ రోజు వేసుకోలేదు. పళ్లు లేని మనిషి, మెత్తగా ఉండాలి, కారం తక్కువగా ఉండాలి, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగాలి. ఈ మూడూ కుదిరే పలహారం మా ఇంట్లో ఒక్కటే ఉంది, ఆలూ ఖాగీనా. మా అమ్మీజాన్ తన అత్తగారి దగ్గర నేర్చుకుని, కోడలికి నేర్పిన వంట అది.

ఆ రాత్రి, రేపు ఉదయం ఖాగీనా నేనే చేస్తానని ప్రకటించాను. కింద పడిన తరువాత నా భార్య నవ్వడం అదే మొదటిసారి. కాగితం, కలం తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఆమె చెబుతుంటే రాసుకున్నాను.

"ఎనిమిది గుడ్లు. ఆలూ నాలుగు, మరీ చిన్నవైతే ఇంకొకటి. ఎర్రగడ్డలు రెండు. పచ్చిమిరపకాయలు మూడు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా. పసుపు చిటికెడు, కారం అర చెంచా. అమ్మీజాన్ తినాలి కనుక అంతకు మించి వద్దు. కొత్తిమీర గుప్పెడు. రొట్టెలు ఎనిమిది. అవి అమ్మాయి చేస్తుంది, మీరు జోలికి పోకండి."

"ఉప్పు ఎంత?"

"చూసి వేయాలండీ."

"చూసి అంటే ఎంత?"

"చూస్తే తెలుస్తుంది."

ఈ జవాబు ఏ పరీక్షలో ఏ విద్యార్థి రాసినా నేను సున్నా వేసి ఉండేవాణ్ణి.

ఫజ్ర్ నమాజు చదివి వచ్చేసరికి ఇంకా మసక చీకటిగానే ఉంది. బిస్మిల్లాహ్ అని వంటింట్లోకి అడుగు పెట్టాను. ఆలూ చెక్కు తీసి, ముక్కలు కోసి, బాణలిలో నూనె పోసి వాటిని వేశాను. ముక్కలు నా బొటనవేలంత ఉన్నాయి. పైగా కడిగిన తడి ఆరనే లేదు. నూనె నా ముంజేతి మీదకు చిట్లింది. పైన ఎర్రబడిన ముక్క నోట్లో వేసుకుంటే లోపల పచ్చిగా కరకరలాడింది. ఈలోగా ఎర్రగడ్డ మాడడం మొదలుపెట్టింది.

"ఏమండీ, మంట తగ్గించండి!" గదిలోంచి కేక వినవచ్చింది. పొయ్యి ఆమెకు కనబడదు. వాసనను బట్టి చెప్పింది. "రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టండి. పది నిమిషాలు తీయకండి."

మూత పెట్టాను. ఆవిరికి ముక్కలు మెత్తబడ్డాయి. ఆ తరువాతి రోజుల్లో ఒక్కొక్కటే నేర్చుకున్నాను. ముక్కలు అర అంగుళానికి మించకూడదు. కోసిన వెంటనే నీళ్లలో వేస్తే నల్లబడవు, పైనున్న పిండి పదార్థం కూడా కొంత వదిలిపోయి ముక్క ముక్కకూ అంటుకోదు. నూనెలో వేసే ముందు గుడ్డతో తడి తుడవాలి. ఎర్రగడ్డ ముందు, ఆలూ తరువాత కాదు. ఆలూ సగం ఉడికాకే ఎర్రగడ్డ వేస్తే రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి. పసుపు, కారం నేరుగా కాగిన నూనెలో పడితే మాడి చేదెక్కుతాయి. కూరముక్కల మీద చల్లితే ఆ భయం లేదు.

గుడ్ల దగ్గరా ఒక పద్ధతి ఉంది. నిల్వ ఉన్నవైతే ముందు నీళ్ల గిన్నెలో వేసి చూడాలి. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతదయ్యేకొద్దీ లేచి నిలబడుతుంది, బాగా పాతదైతే తేలుతుంది. గుడ్డు పెంకులో కంటికి కనబడని రంధ్రాలు వేలాదిగా ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ వాటి గుండా బయటకు పోయి, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. అందుకే అది తేలుతుంది. ఆ తరువాత గుడ్లన్నీ ఒకే పాత్రలో కొట్టరాదు. ఒక్కొక్కటే చిన్న గిన్నెలో కొట్టి, వాసన, రంగు చూసుకుని, రక్తపు చుక్క వంటిది లేదని నిర్ధారించుకున్నాకే పెద్ద గిన్నెలోకి వంచాలి. ఎనిమిదో గుడ్డు చెడినదైతే ముందటి ఏడూ పారబోయవలసిన పని ఉండదు.

గిలకొట్టిన గుడ్లు బాణలిలో పోసి వెంటనే కలపబోయాను. మళ్లీ గదిలోంచి కేక. "కలపకండి! ఒక నిమిషం అలా వదిలేయండి. అడుగు పట్టుకున్నాక మెల్లగా మడవండి. కొంచెం తడిగా ఉండగానే పొయ్యి కట్టేయండి. మిగిలింది బాణలి వేడికే ఉడుకుతుంది."

కొత్తిమీర చల్లి దించాను. చూపుకు ఖాగీనాలాగే ఉంది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను.

దస్తర్‌ఖాన్ పరిచి పళ్లాలు పెట్టాను. అమ్మీజాన్‌కు, అబ్బాయికి, అమ్మాయికి, నాకు వడ్డించాను. తలా రెండేసి రొట్టెలు. నా భార్య పళ్లెం తీసుకుని బాణలి వైపు తిరిగాను. బాణలి ఖాళీ. అడుగున అంటుకుపోయిన మాడు తప్ప ఏమీ లేదు. రొట్టెల గిన్నె చూశాను. అదీ ఖాళీయే.

వడ్డనలో పొరపాటు చేశానేమోనని పళ్లాలు మళ్లీ చూశాను. నాలుగింటిలోనూ సమంగానే ఉంది. జేబులోని కాగితం తీసి చూశాను. ఎనిమిది గుడ్లు, ఎనిమిది రొట్టెలు, నాలుగు ఆలూ. మనిషికి రెండు గుడ్లు, రెండు రొట్టెలు, ఒక ఆలూ. లెక్క సరిగ్గా నలుగురికి సరిపోయింది. మేము అయిదుగురం.

గదిలోకి వెళ్లి అడిగాను. "ఇంట్లో అయిదుగురం ఉంటే ఎనిమిది గుడ్లు ఎందుకు చెప్పావు?"

ఆమె నా ముఖం వైపు కాసేపు అయోమయంగా చూసింది. అబద్ధం వెతుక్కునే చూపు కాదది. ఆ ప్రశ్న ఆమెకు నిజంగానే కొత్త.

"నేనా? మీరందరూ తిన్నాక బాణలి అడుగున కొంత ఉంటుంది కదా. రాత్రి మిగిలిన రొట్టె ఒకటి ఎలాగూ ఉంటుంది. దానితో తుడుచుకుని తినేస్తాను. ఆ మాడిన అడుగు నాకు ఇష్టం కూడా."

ఇరవై ఎనిమిదేళ్ల సంసారంలో ఆ మాట నేను మొదటిసారి విన్నాను. నిజంగా ఇష్టమో, మిగిలేది అదే కనుక ఇష్టం చేసుకుందో అడిగే ధైర్యం నాకు కలగలేదు.

మా ఇంట్లో గుడ్లకు కరవు లేదు. ముప్ఫై గుడ్ల అట్టలు నేనే మోసుకొస్తాను. కాని పెళ్లయిన కొత్తలో పరిస్థితి వేరు. చిన్న జీతం, ఇద్దరు తమ్ముళ్ల చదువులు, అబ్బాజాన్ మందులు. అప్పట్లో గుడ్లు లెక్కపెట్టి కొనేవాళ్లం. కొత్త కోడలు తన వాటా తగ్గించుకుని ఇంటిని నెట్టుకొచ్చింది. జీతం పెరిగింది, తమ్ముళ్లు స్థిరపడ్డారు, ఇల్లు కట్టుకున్నాము. ఆమె లెక్క మాత్రం ఆ పాత రోజుల్లోనే ఉండిపోయింది. దాన్ని మార్చమని చెప్పవలసినవాణ్ణి నేను. నాకు ఆ లెక్క ఉన్నట్టే తెలియదు. మేము తిని లేచాక ఆమె ఏమి తింటున్నదో చూడడానికి నేనెన్నడూ వంటింటి వైపు తిరిగి రాలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించినది మరొకటి. మహల్లాలో జరిగే సమావేశాల్లో నేను ప్రసంగిస్తుంటాను. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన సంగతి ఎన్నోసార్లు వినిపించాను. ఆయన ఏ భోజనానికీ వంక పెట్టేవారు కారని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే మిన్నకుండేవారని కూడా చెప్పాను. వినేవాళ్లు తలలూపేవారు. ఇంటికి వచ్చి, దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, "ఇవాళ ఉప్పు తగ్గినట్టుందే" అన్నదీ నేనే.

ఆ రోజు నా ఖాగీనాలో ఉప్పు ఎక్కువైంది. మొదటి ముద్దకే తెలిసింది. అమ్మాయి రెండు గ్లాసుల నీళ్లు తాగింది. అబ్బాయి మాట్లాడకుండా తిన్నాడు. అమ్మీజాన్ నెమ్మదిగా నములుతూ, "మెత్తగా ఉంది బేటా, బాగుంది" అన్నారు. మాత్రలు వేసుకున్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు. వండిన మనిషికి ఆ మౌనం ఎంత పెద్ద ఉపకారమో పొయ్యి ముందు నిలబడితే గాని అర్థం కాదు.

నా పళ్లెం తీసుకుని నా భార్య దగ్గరకు వెళ్లాను. కుడిచేయి కట్టులో ఉంది. ఎడమచేత్తో తినడం ఆమెకు సమ్మతం కాదు. రెండు రోజులుగా అమ్మాయి తినిపిస్తోంది. ఆ ఉదయం నేను రొట్టె తుంచి, ఖాగీనా చుట్టి అందించాను. అత్తగారు చూస్తున్నారని ఆమె సిగ్గుతో తల తిప్పుకుంది. గుమ్మంలోంచి అమ్మీజాన్ గొంతు వినబడింది. "తిను దుల్హన్, వాడు చేయక చేయక చేశాడు."

భార్య నోటికి అందించే ముద్దకు సైతం అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉందని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి నేను చదివినదే, చెప్పినదే. అయితే ఆ ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నది అదే మొదటిసారి.

ఆమె నమిలి మింగింది. "ఉప్పు?" అన్నాను.

"చూస్తే తెలుస్తుంది అన్నానుగా. రేపు తెలుస్తుంది," అంది.

మరునాడు తెలియలేదు. వారం తరువాత తెలిసింది. ఆలూలో కొంత, గుడ్లలో కొంత, రెండుసార్లుగా వేయాలి. మొదట వేసింది రుచి చూశాకే రెండోది వేయాలి.

కట్టు విప్పి ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. ఆమె చేయి బాగుపడింది, వంటిల్లు మళ్లీ ఆమె ఆధీనంలోకి వెళ్లింది. వారంలో మూడు ఉదయాలు మాత్రం నావి. ఆ మూడు రోజులూ పది గుడ్లు, అయిదు ఆలూ, పది రొట్టెలు. వారానికి సరిగ్గా ఒక అట్ట ఖర్చవుతుంది. దస్తర్‌ఖాన్ మీద అయిదు పళ్లాలు ఒకేసారి పెడతాను. ఆమె కూర్చున్న తరువాతే మేము బిస్మిల్లాహ్ అంటాము. బాణలి అడుగున మిగిలిన మాడు కోసం ఇప్పుడు అమ్మాయీ ఆమే పోటీ పడుతున్నారు. నిజంగానే ఆమెకు అది ఇష్టమని అలా తెలిసింది. మనసు కొంత తేలికపడింది.

ఈ పత్రిక చదివే సోదరులకు ఒక మనవి. రేపు ఉదయం వంట చేయగలిగితే చేయండి. చేయలేకపోతే, తినడానికి కూర్చునే ముందు పళ్లాలు ఒకసారి లెక్కపెట్టండి. మీ ఇంట్లోనూ ఒకటి తక్కువ ఉండవచ్చు.