లాగే బండి, ఆగే బండి

రేసు కారంటే రివ్వున దూసుకుపోయేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నా నవలల్లో ఒకరిద్దరు కథానాయకులు అలాంటి కార్లు తోలారు కూడా. అది ఇంటి గుమ్మం దాటి నాలుగడుగులైనా తన కాళ్ల మీద తాను వెళ్లదనీ, పెళ్లికూతుర్ని పల్లకీలో మోసుకెళ్లినట్టు దాన్ని ఇంకో బండి తీసుకెళ్లాలనీ, నలభై అయిదేళ్లు నెత్తి మీదకొచ్చాక మా మేనకోడలు చెబితే తెలిసింది.

"అదేమిటే, కారుకి మళ్లీ ఓ కారు కావాలా?" అన్నాను ఫోన్లో.

"అవునత్తా. దీపాలు పీకేశాను, సీట్లు పీకేశాను. ఆ అరుపుతో రోడ్డెక్కిస్తే పోలీసులు ఊరుకుంటారా? పైగా పాల్వంచ నుంచి చెన్నై ఆరువందల కిలోమీటర్ల పైమాటే. దారిలోనే ఇంజను అరిగిపోతే అక్కడికెళ్లి నేనేం తోలను?"

సబబుగానే ఉంది. కానీ ఆ తర్వాత అన్నమాటకే నా గుండె గతుక్కుమంది. "అందుకే నువ్వొక బండి కొనిపెట్టాలి. అప్పుగానే లే! నీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందిగా."

సీరియల్ డబ్బులు పైసా పైసా కూడబెట్టి ఓ డిపాజిట్ వేసుకున్న మాట నిజమే. ఆ సంగతి మావారికి తెలియడం సహజం. పాల్వంచ దాకా ఎలా పాకిందో ఆ భద్రాద్రి రాముడికే ఎరుక.

మా అన్నయ్యకి పాల్వంచలో మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డులో స్పానర్లతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల ఇది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఏడాది ఉద్యోగం వెలగబెట్టి, కంప్యూటర్ ముందు కూర్చోలేనంటూ తిరిగొచ్చేసింది. వచ్చి ఊరుకుందా? పాత మారుతి 800 ఒకటి కొని, లోపల ఇనుప గొట్టాలతో పంజరం బిగించి, దానికి రేసు కారని పేరెట్టింది. నేను నవ్వితే దానికి కోపం.

"మారుతిని తక్కువ అంచనా వెయ్యకత్తా. కోయంబత్తూరు కరివర్ధన్ 1980ల చివర్లో ఆ ఇంజనుతోనే ఫార్ములా మారుతి అని చవకలో రేసు కారు తయారుచేశాడు. తొలిరోజుల్లో దాన్ని నడిపిన నరేన్ కార్తికేయనే 2005లో ఫార్ములా వన్‌కి వెళ్లాడు, మన దేశం నుంచి మొట్టమొదటివాడు" అంటూ నాకు పాఠం చెప్పింది.

నిజానికి ఈ నేరంలో నాకూ వాటా ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు దీన్ని వెంటబెట్టుకెళ్లింది నేనే. కరెంటుతో నడిచే కార్లవి. జీన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచి అబ్బాయి గెలిచాడు. నేను జనాన్నీ వాళ్ల టోపీల్నీ చూస్తూ కథకేమైనా పనికొస్తుందా అని ఆలోచిస్తుంటే, పక్కనున్న ఈ పిల్ల రెప్ప వెయ్యలేదు. మరుసటేడు జరగాల్సిన పోటీ రద్దయింది గానీ దీని పిచ్చి రద్దు కాలేదు. దేశాలు తిరిగే ఆ కార్లకి విమానాలూ ఓడలూ ఉన్నాయి. మా పాల్వంచ కారుకి నేనున్నాను!

రాత్రి భోజనాల దగ్గర మావారితో అంటే, "దానికింత ఆలోచనెందుకు? మన కారుకి వెనక కట్టుకుని పొమ్మను" అన్నారు పెరుగు కలుపుకుంటూ. పక్కింటాయన ట్రాక్టర్ని మించింది లేదన్నాడు. లాగుతుంది, కాదనను. చెన్నై చేరేసరికి పోటీ అయిపోయి, బహుమతులిచ్చి, షామియానాలు కూడా విప్పేస్తారు.

ఇలా కాదని ఆదివారం నాడు నేనే బయలుదేరాను. ఏన్కూరు దాటి, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు వెళుతుంటే మార్చి నెల ఎండలో మోదుగుపూలు నిప్పులు కక్కుతున్నాయి. ఆ దారంటే నాకు ప్రాణం. ఇప్పపూల వాసన బస్సు కిటికీలోంచి కొట్టిందంటే పుట్టిల్లు దగ్గర పడ్డట్టే.

వదిన కాఫీ గ్లాసు చేతికిస్తూనే మొదలెట్టింది. "నువ్వైనా చెప్పు వదినా. సంబంధాలవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడుగుతున్నారు. ఏం చెప్పను? చక్రాలు విప్పుతుందని చెప్పనా?"

"పూణేలో డయానా పుండోలె అని ఇద్దరు పిల్లల తల్లి. 2024లో జాతీయ కార్ రేసింగ్ పోటీల్లో సెలూన్ కార్ల విభాగంలో చాంపియనైంది" అంది మా కోడలు పిల్ల లోపల్నుంచి.

"ఆవిడకి పెళ్లయిపోయిందిగా!" అంది వదిన. ఈ మాటకి జవాబు నా దగ్గర కూడా లేదు.

అన్నయ్య మాత్రం షెడ్డులో తన పని తాను చేసుకుంటున్నాడు. అవుననడు, కాదనడు. మూడు నెలలుగా ఇదే వరస అట. ఆయన మౌనం ఎందుకో మాకందరికీ తెలుసు. ఎవరమూ ఎత్తం.

ఇక నాకు పాఠం మొదలైంది. నేనేమో బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదివినదాన్ని. సైన్సంటే స్కూల్లోనే దణ్ణం పెట్టేశాను. అయినా డబ్బు నాది కాబట్టి శ్రద్ధగానే విన్నాను.

దాని ఊహ ఏమిటంటే, జీపులాంటి గట్టి బండి ఒకటి కొని, దాని వెనక రెండు చక్రాల ట్రాలీ తగిలించి, ట్రాలీ మీద కారు ఎక్కించాలి. విదేశాల్లో అంతా అలాగే చేస్తారట. కారు ఓ ఆరేడు వందల కిలోలు. ట్రాలీ ఇంకో అయిదొందలు. మారు టైర్లు, జాకీ, పనిముట్ల పెట్టె, అన్నీ కలిపి పదమూడొందల కిలోలకి తక్కువుండదు. మా చిన్న కారుకి అంత బరువు కట్టడమంటే దూడకి కాడి వెయ్యడమే. లాగే బండి అడుగున నిలువునా ఇనుప చాసిస్ ఉండాలట. మామూలు కార్లకి రేకు ఒళ్లే అస్థిపంజరం. కొక్కెం తగిలించి బరువు లాగిస్తే ఆ ఒళ్లు తట్టుకోలేదు.

"ఇంకో సంగతత్తా. ట్రాలీ బరువులో నూటికి పదీ పదిహేను వంతులు కొక్కెం మీద పడాలి. అంతకు తక్కువైతే వెనక ట్రాలీ తోకలా ఊగుతుంది. ఎక్కువైతే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినదు."

నాకు సగమే బోధపడింది. కానీ మంచం మీద వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తి, "ఓసి ఇంతేనా! ఎడ్ల బండి సంగతే కదే" అంది. "వెనక బరువైతే నొగలు పైకి లేచి పలుపు ఎడ్ల గొంతుకి బిగుసుకుంటుంది. ముందు బరువైతే మెడలు పుండ్లు పడతాయి. మీ తాతయ్య ధాన్యం బస్తాలు వేసినప్పుడల్లా కాడి ఎత్తి చూసి, ఓ బస్తా ఇటు, ఓ బస్తా అటు జరిపేవాడు."

ఇంజనీరింగ్ పిల్ల నోరు తెరిచి చూసింది. డెబ్భై అయిదేళ్ల మనిషి, అయిదో తరగతి కూడా దాటలేదు. నా వంతుగా నేను కాగితం మీద బరువులన్నీ రాసి కూడాను. కిరాణా లెక్కకీ దీనికీ తేడా ఏముంది?

అప్పుడు అన్నయ్య చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. కుడికాలు ఈడుస్తూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా చేతిలో కాగితం తీసుకుని చూశాడు.

"లాగడం గురించి అందరూ చెప్పారు. ఆగడం గురించి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

1997లో అన్నయ్య దగ్గర ఓ పాత జీపుండేది. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో స్నేహితుడి అంబాసిడర్ ఆగిపోయిందని కబురొస్తే వెళ్లాడు. మోకు కట్టి లాగాడు. ఎక్కుడంతా బాగానే జరిగింది. దిగుడు మొదలయ్యాకే వచ్చింది చిక్కు. ముందు బండి ఆగినా వెనక బండి ఆగదు. మోకు వదులవుతుంది, మళ్లీ ఒక్క పట్టున బిగుసుకుంటుంది. ఓ మలుపులో ఆపి, చక్రం కింద రాయి పెడదామని అన్నయ్య దిగాడు. అదే క్షణంలో మోకు తెగింది.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. అమ్మా నేనూ భద్రాచలం ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు కూర్చున్నాం. ప్రాణం దక్కింది. కాలు మునుపటిలా కాలేదు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లలో అన్నయ్య వేల బండ్లు బాగుచేశాడు గానీ, ఒక్క బండికి ఇంకో బండిని కట్టి లాగలేదు. ఎవరైనా తాడు పట్టుకొస్తే, "బండి అక్కడే ఉంచండి, నేనే వస్తా" అనేవాడు.

"లాగే బండికి బలం ఉంటే చాలదమ్మా" అన్నాడు కూతురి వైపు చూస్తూ. చాన్నాళ్లకి ఆ విషయమై దాంతో మాట్లాడిన మొదటి మాట అదే. "వెనకున్న బరువుని కూడా ఆపగలగాలి. ఆ ట్రాలీకి దాని బ్రేకులు దానికుండాలి. దిగుళ్లలో చిన్న గేరులో ఇంజను పట్టు మీదే దిగాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే డ్రమ్ములు కాలి, అవసరానికి పట్టవు. ట్రాలీ వెనక్కి తిప్పడం ఇంకో విద్య. స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోతుంది. దానికి వేరే రిజిస్ట్రేషనూ, వేరే కాగితాలూ. ఇదంతా నువ్వు నేర్చుకోలేవని కాదు. కానీ మధ్యలో లంకె లేని బండి ఉండగా లంకె ఉన్నదెందుకు?"

"అంటే?"

"లాక్కెళ్లకు. మోసుకెళ్లు. పద్నాలుగు అడుగుల తొట్టి ఉన్న పాత డీసీఎం చూద్దాం."

ఎనభైల్లో టయోటాతో కలిసి ఆ బండ్లు చేసిన కంపెనీ పేరది. కంపెనీ పోయినా మా వైపు ఆ సైజు చిన్న లారీలన్నిటికీ అదే పేరు నిలిచిపోయింది. మారుతి పొడవు పదకొండు అడుగులు. ఇంకా మూడడుగులు మిగులుతాయి, టైర్లకీ సామానుకీ. రెండు ఇనుప చానెళ్లు వాల్చి కారు ఎక్కించాలి. బెల్టులతో చక్రాలని కట్టాలి గానీ ఒంటిని కాదు. యాభై కిలోమీటర్లు పోయాక ఆగి, బెల్టులు మళ్లీ బిగించాలి. ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతున్నాడు. ఈ మనిషి మూడు నెలలుగా ఏమీ మాట్లాడలేదే గానీ, ఆలోచించనిది మాత్రం లేదని అప్పుడర్థమైంది.

"నాకు లారీ లైసెన్సు లేదుగా నాన్నా!"

"మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపు బండైతే కారు లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లోపుదే చూస్తాను."

అది కూడా చదివి ఉంచుకున్నాడన్నమాట!

వదిన కళ్లు ఒత్తుకుని, వెంటనే గృహిణి అయిపోయింది. "రేసులు ఏడాదికి నాలుగు రోజులు. మిగతా రోజులు ఆ బండి ఊరికే పడుండాలా?"

"ఖమ్మం యార్డుకి మిరపకాయల బస్తాలు తోలదూ? తగిన పర్మిట్టు తీసుకుని కిరాయికి తిప్పుదాం. మీ వదిన అప్పు తీరుతుంది" అంది అమ్మ, వత్తుల పళ్లెం పక్కకి జరుపుతూ. మా ఇంట్లో ఆర్థిక మంత్రి ఎవరో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

నా డిపాజిట్ బద్దలైంది. బండి వచ్చింది. భద్రాచలంలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, గోదావరి వంతెన మీదుగా తిరిగొస్తుంటే అన్నయ్య పక్క సీట్లో కూర్చున్నాడు. ఎంత వేగం పోతుందో చూడలేదు. ఖాళీ రోడ్డు చూసి వాలులో మూడుసార్లు ఆపించాడు. మూడోసారి ఆగాక, "ఊఁ" అన్నాడు. నా పుస్తకాలకి వచ్చిన మెప్పులన్నీ కలిపినా ఆ పిల్లకి ఆ ఒక్క "ఊఁ" అంత విలువ చెయ్యవు.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాక్ ఉంది. అక్కడ కొత్తవాళ్లకి పెట్టిన పోటీలో మా పిల్ల పదకొండు మందిలో తొమ్మిదోదిగా వచ్చింది. నాకు రాత్రి ఫోన్ చేసి ఆ ఇద్దర్నీ ఎలా దాటిందో అరగంట చెప్పింది. మొదటి ఎనిమిదిమంది ప్రసక్తి రాలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున బండి పాల్వంచ షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి అన్నయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడట. ఎన్నో స్థానమని అడగలేదు. వంగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసి, "డ్రమ్ములు వేడెక్కలేదు. బాగా తోలావు" అని లోపలికెళ్లిపోయాడట.

ఇదంతా చెప్పి మా వదిన చివర్న గుసగుసగా అంది: "పోనీలే వదినా, ఇక సంబంధాలవాళ్లు అడిగితే చెప్పుకోవడానికో మాట దొరికింది. అమ్మాయికి సొంత డీసీఎం ఉందని చెబుతాను."

అందులో నా డిపాజిట్ ఉందని మాత్రం చెప్పదు లెండి.