ఇష్టమూ, హలాలూ

ఉద్యోగరీత్యా ఒసాకాలో నివసిస్తున్న మేము ‘ఒకొనోమియాకి’, ‘తకొయాకి’ ఇంట్లోనే చేసుకుంటాము. మొదటిది గోధుమపిండి, గుడ్డు, తరిగిన క్యాబేజీ కలిపి పెనంపై కాల్చే మందపాటి అట్టు. రెండవది 1935లో ఈ నగరంలోనే పుట్టిన ఆక్టోపస్ ఉండ. మన గుంతపొంగనాల పెనం వంటి దానిలో కాలుస్తారు. బయట అట్టుపై పంది మాంసం పరచడం మామూలు. కొన్ని సాస్‌లలో మద్యమూ ఉంటుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సముద్రజీవుల్లో చేపలే హలాల్. అందుకే మేము ఆక్టోపస్‌కు బదులు చేపముక్క పెడతాము. షాఫయీ మిత్రులు ఆక్టోపస్ తింటే ఆక్షేపించము.

మా అబ్బాయిని బడి స్నేహితులు అంగడికి పిలిచారు. వాడు వాళ్లనే ఇంటికి ఆహ్వానించాడు. అందరూ పెనం చుట్టూ చేరి పుల్లలతో ఉండలు తిప్పారు. ‘ఒకొనోమి’ అంటే ‘ఇష్టమైనట్లు’. హలాల్ హద్దుల లోపల ఇష్టానికీ స్నేహానికీ ఎంతో చోటుందని పిల్లలు గ్రహించారు.