గట్టు మీద కూర్చున్న అమ్మ మాట
పాల్వంచ నుంచి భద్రాచలం దాకా నీళ్ల దారి

భద్రాద్రి రాముణ్ణి చూసి రావాలని మీ ఇంట్లోనూ అనుకుంటూనే ఉంటారు కదూ! పిల్లలకు సెలవులిచ్చి, తోడికోడలో ఆడపడుచో పిల్లల్తో కలిసొస్తే ఆ ముచ్చట కాస్తా తీరుతుంది. రైల్లో వెళ్తే 'భద్రాచలం రోడ్' స్టేషన్లో దిగుతారు. పేరు చూసి గుడి పక్కనే అనుకునేరు! అది కొత్తగూడెం. గుడికి ఇంకా 40 కిలోమీటర్లుంది. ఆ దారిలో తగిలే పెద్ద ఊరే పాల్వంచ.

పాల్వంచ అనగానే అందరికీ గుర్తొచ్చేది థర్మల్ స్టేషన్. చిన్నప్పుడు ఈ దారిన వెళ్లినవాళ్లకు ఆకాశంలోకి లేచిన లావుపాటి టవర్లు గుర్తుండే ఉంటాయి. ఆ పాతవి ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. ఆ కర్మాగారానికి నీళ్లివ్వడానికి 1960లలో కట్టినదే కిన్నెరసాని ఆనకట్ట. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. దారంతా అడవి. 1977లో ఇక్కడ 635 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. జింకల పార్కు, గుట్ట మీద అద్దాల మేడ, కనుచూపు మేరా నీళ్లు, మధ్యలో పచ్చటి దీవులు... పిల్లలు ఎగిరి గంతులేస్తారు.

కిన్నెర కథ మీకు తెలుసుగా! అత్తగారి మాటలు పడలేక అడవిలోకి వచ్చి, కరిగి ఏరైపోయిన కోడలు. విశ్వనాథ సత్యనారాయణగారు 'కిన్నెరసాని పాటలు'గా రాసింది ఆమె గురించే. ఆ ఏరే బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది.

ఇంత అందమైన చోట మీకో చిక్కు వచ్చి పడుతుంది. మీ వాడికి పద్నాలుగేళ్లు. వేసవిలో నెల్రోజులు ఫీజు కట్టి స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్పించారు. "అమ్మా, నాకు ఈతొచ్చు, దిగుతా" అంటాడు. పక్కనే వాళ్ల బాబాయి "దిగనీ వదినా, నేనున్నాగా" అంటాడు. మీరేమో బట్టలకూ చెప్పులకూ కాపలాగా గట్టు మీద కూర్చుని ఉంటారు. ఔనంటే గుండె దడ, కాదంటే 'ఎప్పుడూ భయమే' అని నవ్వులు. ఏం చెప్పాలి మరి?

పూల్లో ఈతకూ ఏట్లో ఈతకూ పెద్ద తేడా ఉందండీ. పూల్లో అడుగు కనిపిస్తుంది, లోతెంతో గోడ మీద రాసి ఉంటుంది, అలిసిపోతే పట్టుకోవడానికి గట్టుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ నీళ్లు కదలవు. నదిలో ఇవేవీ ఉండవు. మోకాలి లోతులో ఉన్నవాడు మరో రెండడుగులేస్తే తల మునిగే గుంటలో పడొచ్చు. ఇసుక తవ్విన చోట్ల ఆ ప్రమాదం మరీ ఎక్కువ. పైకి నిలకడగా కనిపించే నీళ్లు లోపల లాగుతుంటాయి. అంచేత 'వీడికి ఈతొచ్చా?' అన్నదొక్కటే అడిగితే చాలదు. 'ఈ చోట, ఈ రోజు, వీడికొచ్చిన ఈత సరిపోతుందా?' అని అడగాలి.

మీ దారిలోనే అడిగి చూద్దాం. కిన్నెరసాని జలాశయం సంగతి ఆలోచించనే అక్కర్లేదు. అందులో మొసళ్లున్నాయి. ఎంత గజ ఈతగాడైనా సరే, చూసి ఆనందించాల్సిందే గానీ దిగరాదు. ఆనకట్ట కింద ఏరు చూస్తే పల్చగా పారుతూ 'రా రమ్మ'న్నట్టే ఉంటుంది. కానీ జలాశయం నిండు మట్టం 407 అడుగులు. ఎగువ అడవుల్లో వాన కురిసి మట్టం ఆ దరిదాపులకొస్తే గేట్లెత్తుతారు. మీరు కూర్చున్న చోట చినుకు పడకపోయినా నీళ్లు వచ్చేస్తాయి. వానాకాలంలో అక్కడ స్నానాల ఊసే వద్దు.

ఇక గోదావరి. భద్రాచలం వెళ్లి మునక వెయ్యకుండా వస్తామా! వేయండి. కానీ ఘాటు మెట్ల దగ్గరే, గొలుసులో కర్రలో కట్టిన హద్దు లోపలే వేయండి. నడుం లోతు దాటనక్కర్లేదు. మూడు మునకల పుణ్యానికి అంతకంటే లోతెందుకు చెప్పండి? వానాకాలమైతే ముందుగా నీటిమట్టం కనుక్కోండి. ఇక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇది. హెచ్చరిక లేకపోయినా, నీళ్లు ఎర్రగా, చెత్తా కొమ్మలూ కొట్టుకొస్తుంటే చెంబుతో తల మీద పోసుకుని రండి. రాముడేమీ అనుకోడు.

సముద్రంలోకి దిగేవాళ్లు పాటించే పద్ధతులు మనకూ పనికొస్తాయి. విశాఖ రుషికొండ దగ్గర వీపుకి గాలి సిలిండరు కట్టుకుని అడుగున చేపల్ని చూసే స్కూబా డైవింగ్ నేర్పుతారు. మొదటి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగులకు మించి వెళ్లకూడదన్నది ఆ విద్యలో మామూలు నియమం. ఒంటరిగా దిగరు, జంటగానే దిగుతారు. జంటలో ఒకరు ఆరితేరినవారైనా, కొత్తవారు తట్టుకునే లోతు వరకే ఇద్దరూ వెళ్తారు. ఇంకో మంచి అలవాటుంది. దిగే ముందు గానీ, దిగాక గానీ ఎవరైనా 'ఇవాళ వద్దు' అంటే అంతే. కారణం అడగరు, ఎగతాళి చెయ్యరు. లక్షలు పోసి సామాను కొనుక్కున్నవాళ్లే అంత జాగ్రత్తగా ఉంటే మనకెందుకండీ మొహమాటం?

భద్రాచలం వెళ్లినవాళ్లకు పాపికొండలు కూడా చూసి రావాలనిపిస్తుంది. లాంచీ ఎక్కేటప్పుడూ ఇదే లెక్క. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో 77 మంది ఉన్నారు. 26 మందే బయటపడ్డారు. గోదావరి వరద మీదున్న రోజది. ఆ లోతులో, ఆ వడిలో బోటును తీయడం ఆరితేరినవాళ్లకే తలకు మించిన పనైంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి శ్రమించి అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది. అందుకే, అనుమతి ఉన్న బోటే ఎక్కండి. లైఫ్ జాకెట్టు ఉక్కపోసినా, అన్నం తినేటప్పుడైనా విప్పనివ్వకండి. వరద రోజైతే టికెట్ డబ్బులు పోయినా ఫరవాలేదు, మానుకోండి.

బయల్దేరే ముందు రాత్రి పులిహోర కలుపుతూనే ఇంట్లో అందరి ముందూ నాలుగు మాటలు తేల్చేయండి. ఒడ్డుకు చేరాక చెప్తే ఎవరూ వినరు.

* అందరిలో ఈత తక్కువ వచ్చినవాళ్లకు ఏది సరిపోతుందో అదే అందరికీ హద్దు.
* ఆ ఊరివాళ్లు 'ఇక్కడ దిగకండి' అంటే మారు మాట్లాడకుండా వచ్చేయాలి.
* చిన్నపిల్లలు చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. సెల్‌ఫోన్ ఫోటోలకని వెనక్కి వెనక్కి నడవరాదు.
* పెద్దల్లో ఒకరు దిగకుండా గట్టు మీదుండి, అందర్నీ కనిపెట్టుకుని ఉండాలి.
* ఎవరు 'వద్దు' అన్నా ఆ పూటకి అంతే. అన్నది చంటిదైనా సరే.

మునిగేవాళ్లు సినిమాల్లోలా కేకలు పెట్టరు. ఊపిరికే చాలక నోరు పెగలదు. చప్పుడు లేకుండా తల వెనక్కి వాల్చి, చేతులు నీళ్ల మీద కొడుతుంటే ప్రమాదమని గ్రహించండి. ఈత రానివాళ్లు వెంట దూకొద్దు. కర్రో, తాడో, ఖాళీ నీళ్ల డబ్బానో, ఏదీ లేకపోతే చీరో విసరండి. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర ముగ్గురు ఆడవాళ్లు చేసిందదే. నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే ఒంటి మీది చీరలు విప్పి, ముడేసి విసిరారు. ఇద్దర్ని బతికించారు. ఒడ్డుకు చేర్చినవాళ్లకు ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం లాంటివి వద్దు. వెంటనే నోట్లో నోరు పెట్టి గాలి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ, ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించండి.

చూశారా, గట్టు మీద కూర్చోవడం పనిలేనివాళ్ల పని కాదు. నీళ్లలో ఉన్నవాళ్లకు తమ చుట్టూ నాలుగడుగులే కనిపిస్తాయి. మీకు అందరూ కనిపిస్తారు. కాబట్టి ఈసారి మరిదిగారు "దిగనీ వదినా" అంటే మొహమాటపడకండి. "ఇక్కడిదాకా చాలు బాబూ, పైకొచ్చి అన్నాలు తినండి" అనేయండి. పులిహోర డబ్బా మీ దగ్గరే ఉంటుందిగా, వాళ్లే వస్తారు. తిరుగు దారిలో పాల్వంచ దగ్గర పెద్దమ్మతల్లి గుడి ఉంది. అందరూ కలిసి దణ్ణం పెట్టుకుని ఇంటికి బయల్దేరండి.