జంట గీత

ఒంగోలు నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో అక్కావాళ్లింట్లో దిగినప్పుడల్లా పొద్దున్నే సత్యసాయి నిగమాగమం దాకా నడిచొస్తాను. మొన్న అక్క కూడా వచ్చింది. లోపల పెళ్లి. గేటుకు అరటిచెట్లు కడుతున్నారు, ఆటోలోంచి బంతిపూల గంపలు దించుతున్నారు. "మన పిల్లలదీ ఇక్కడే చేద్దాంరా" అంది అక్క. తన కూతురిని మావాడికివ్వాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. పిల్లలిద్దరికీ ఇష్టమే. నాకే అన్నయ్య గుర్తొస్తాడు.

అన్నయ్యకు పుట్టుకతోనే వినపడదు. మా అమ్మ తన మేనమామనే చేసుకుంది. ఊళ్లో మాత్రం ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అన్నయ్య కడుపులో ఉండగా గ్రహణం నాడు అమ్మ కత్తిపీట ముట్టుకుందన్నారు. యాభై ఎనిమిదేళ్లుగా అమ్మ ఆ కత్తిపీటను మోస్తూనే ఉంది.

అన్నయ్య ఉండేది అక్క దగ్గరే. ముగ్గురం ఆటో ఎక్కాం. ఎల్లారెడ్డిగూడ, కోచింగ్ సెంటర్ల బోర్డులతో నిండిన అమీర్‌పేట, అక్కణ్నుంచి బేగంపేట. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ అక్కడే ఉంది. జన్యువ్యాధుల ఆసుపత్రి కూడా అందులోనే. పరిశోధనా, రోగులూ ఒకే కప్పు కింద ఉండటం నాకు చాలా నచ్చింది.

ఒక పరిశోధక విద్యార్థిని తెల్లకాగితం తీసి, "మీ అమ్మమ్మగారి దగ్గర్నుంచి చెప్పండి" అంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, భార్యాభర్తల మధ్య ఒక గీత. అమ్మానాన్నల దగ్గర పెన్ను ఆగింది. "దగ్గరి బంధుత్వమేనా అండీ?" అక్క తలూపింది. ఆ అమ్మాయి ఆ గీత కిందనే ఇంకో గీత గీసింది. రక్తసంబంధంలో పెళ్లికి వాళ్ల గుర్తు ఆ జంట గీత. గ్రహణం సంగతి కూడా అక్క చెప్పేసింది. ఆ పిల్ల ఓపిగ్గా విని, అన్నయ్య చతురస్రాన్ని నల్లగా నింపింది. అన్నయ్య ఆ నల్లగడి మీద వేలు పెట్టి, అదే వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు. అవునన్నట్టు నవ్విందామె.

ముందు చూసేది కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ జన్యువునట. లోపలి చెవిలో కణం నుంచి కణానికి పొటాషియం దాటే సన్నని దారులు ఈ ప్రోటీన్‌తోనే ఏర్పడతాయి. 226 అమైనో ఆమ్లాల దండ ఇది. ఇందులో లోపం వల్ల చెవుడు వస్తుందని 1997లో తేలింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే లోపంలో మారేది ఒక్క అక్షరం, 'జి' ఉండాల్సిన చోట 'ఎ'. దాంతో దండ 24వ పూస దగ్గరే తెగిపోతుంది. పుట్టుచెవుడు ఉన్నవాళ్లలో ఈ జన్యువును చదివి, ఈ సంస్థ పరిశోధకులే 2009లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో ప్రచురించారు.

"ఒక్కటి ఉంటే ఏమీ కాదండీ. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ చేరితేనే." అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. అన్నయ్యది ఇదే అయితే, శుభ్రంగా వినపడే అక్కా నేనూ ఆ లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం చెరి మూడింట రెండు వంతులు. అందుకే ముందు అన్నయ్య రక్తం, ఆ తర్వాత మాదీ పిల్లలదీ.

మేనరికాలన్నీ తప్పని నేననను. మా అమ్మమ్మ కూతురిని తమ్ముడికిచ్చింది, పిల్ల కళ్లముందే ఉంటుందని. కానీ జాతకాల కంటే ముందు ఈ కాగితం గీయించాలని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

రక్తం ఊదారంగు మూత గొట్టంలోకి తీశారు. గడ్డకట్టకుండా దాన్ని మెల్లగా కిందికీ పైకీ తిప్పుతుంటే అన్నయ్య కళ్లు దాని వెంటే తిరిగాయి.

తిరిగొచ్చేసరికి నిగమాగమంలో సన్నాయి మోగుతోంది. గేటు పక్కన నిలబడి అక్క అమ్మకు ఫోన్ చేసింది. అంతా విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "కత్తిపీట సంగతి చెప్పావా?"

"చెప్పానమ్మా. ఆ అమ్మాయి దాన్ని రాసుకోలేదు."